మా తాతయ్య లస్కరు

మా తాతయ్య గోదావరి కాలువల మీద లస్కరుగా పనిచేశారు. డెల్టా బయటివాళ్ళకి ఈ మాట తెలియదు, డెల్టాలోనూ ఈ తరం పిల్లలకి చాలామందికి తెలియదు. కాబట్టి ముందు ఆయన పనేమిటో చెబుతాను. ధవళేశ్వరం దగ్గర కాలువల్లోకి మళ్ళిన గోదావరి నీళ్ళు పెద్ద కాలువలోంచి చిన్న కాలువలోకి, అక్కణ్ణుంచి తూముల గుండా పంట బోదెల్లోకి, బోదెల్లోంచి చేలల్లోకి చేరాలి. ఏ తూము తలుపు ఎంత ఎత్తాలి, ఎప్పుడు దించాలి, గట్టు ఎక్కడ జారుతోంది, ఎండ్రకాయలు ఎక్కడ బొరియలు పెట్టాయి, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడింది, ఇవన్నీ చూసుకునే మనిషి లస్కరు. ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో అన్నిటికన్నా కింది ఉద్యోగం. అయినా జూన్‌లో కాలువలకి నీళ్ళు వదిలింది మొదలు ఏప్రిల్‌లో కట్టేసేదాకా ఒక రైతు చేలో తడి ఉందా లేదా అన్నది చాలావరకు ఆ మనిషి చేతిలోనే ఉండేది.

మాది కోనసీమలో పి.గన్నవరం దాటాక వచ్చే ఒక పల్లె. గన్నవరం దగ్గర కింద వైనతేయ గోదావరి పారుతుంటే, దాని మీదుగా కట్టిన అక్విడక్టులోంచి కాలువ అవతలి ఒడ్డుకి వెళుతుంది. ఆనకట్ట కట్టిన కొత్తల్లో కట్టిన పాత అక్విడక్టు మీద తాతయ్య చెయ్యి పట్టుకుని నిలబడి, ఒకదాని మీద ఒకటిగా రెండు నీళ్ళని చూసిన రోజు నాకు బాగా గుర్తు. నది సముద్రంలోకి పోతోంది, కాలువ మా ఊరికి వస్తోంది. "ఈ నీళ్ళు ఎంత దూరం నుంచి, ఎంతమంది చేతుల మీదుగా వస్తున్నాయో చూడు బుల్లీ. మన ఊరు చేరేసరికి వీటిల్లో ఒక్క చుక్క కూడా ఉత్తినే వచ్చింది కాదు" అన్నారు. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు ఉంటాయేమో. ఆ మాట కన్నా నది మీద కాలువ పోవడమే వింతగా ఉండింది.

తాతయ్య పొట్టిగా, నల్లగా ఉండేవారు. మోకాళ్ళ దాకా మడిచి కట్టిన పంచె, డిపార్ట్‌మెంటు ఇచ్చిన ఖాకీ చొక్కా. భుజం మీద పార, చేతిలో తూము తలుపు ఎత్తే ఇనప తాళం. రాత్రయితే హరికేన్ లాంతరు. ఐదో క్లాసు దాకా చదివారు. మాట తక్కువ. ఎవరైనా గొంతు పెంచితే ఆయన ఇంకా తగ్గించి మాట్లాడేవారు. అలా తగ్గించి తగ్గించి, చివరికి అవతలివాళ్ళు వినడానికి ముందుకి వంగాల్సి వచ్చేది.

ఊళ్ళో లస్కరుకి మర్యాదలు ఎక్కువ. అరటి గెల, కొబ్బరికాయలు, సంక్రాంతికి కొత్త బియ్యం, కోతలయ్యాక కళ్ళంలో ధాన్యం. ఇందులో చెడేమీ లేదని అందరూ అనుకునేవారు, ఇచ్చేవాళ్ళల్లో చాలామంది మంచి మనసుతోనే ఇచ్చేవారు. తాతయ్య మాత్రం ఒక లెక్క పెట్టుకున్నారు. ఎవరింటి అరుగు మీదైనా కూర్చుని మజ్జిగ తాగేవారు, ఆకలేస్తే అన్నం కూడా తినేవారు. చేతిలో పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేది మాత్రం ఏదీ ముట్టేవారు కాదు. పెద్ద కమతం ఉన్న రైతు ఒకాయన ఓ పండక్కి బస్తా బియ్యం బండి మీద వేసి పంపితే, ఆ బండి తోలుకొచ్చిన పాలేరుకి కడుపునిండా అన్నం పెట్టించి, బస్తా దించకుండానే వెనక్కి పంపారు. "కోపం వచ్చిందేమోనండి లస్కరుగారికి" అని ఆ రైతు మర్నాడు కాలువ గట్టు మీద అడిగితే, "అయ్యో, కోపం ఎందుకండి. మీరిచ్చింది ఇంట్లో ఉంటే, రేపు మీ బోదె వైపు వచ్చినప్పుడు నా చెయ్యి తిన్నగా ఉండదండి, అంతే" అన్నారట. ఇది చెప్పింది ఆ రైతే, తాతయ్య పోయాక.

మాకు ఒక ఎకరం ఉండేది. తూముకి దగ్గర్లో, బోదె మొదట్లోనే. అలాంటి చోట భూమి ఉన్నవాళ్ళకి నీటి కరువంటే ఏంటో తెలియదు. అయితే దాళ్వాలో, అంటే రెండో పంటకి, ఫిబ్రవరి మార్చి నెలల్లో గోదావరి సన్నబడిపోయాక వంతులు పెట్టేవారు. వంతు వచ్చినప్పుడు మొదట ఉన్నవాళ్ళు తడుపుకుని వదిలితే, శివారు చేలకి చేరేసరికి బోదెలో బురద తప్ప ఉండేది కాదు. తాతయ్య దీన్ని తిరగేశారు. ఆయన చేతిలో ఉన్న తూము కింద మొదటి తడి శివారుకే. అక్కణ్ణుంచి ఒక్కొక్క చేనూ పైకి వస్తూ తడవాలి. అంటే తూము పక్కనే ఉన్న మా ఎకరం అందరికన్నా ఆఖరు. రూల్స్ పుస్తకంలో ఇలా ఉందో లేదో ఆయనకీ తెలియదు. "దగ్గరున్నవాడికి నీళ్ళు ఎప్పుడైనా వస్తాయి. దూరంగా ఉన్నవాడికి వచ్చినప్పుడే వస్తాయి" అనేవారు.

దీని మీద మా ఇంట్లో ఏటా గొడవే. మా మామ్మ ఊరుకునే మనిషి కాదు. ఒక ఏడు మా చేను పొట్ట మీద ఉండగా నెర్రెలు తీసింది. కళ్ళెదురుగా కాలువలో నీళ్ళు పోతున్నాయి. మామ్మ వెళ్ళి చేను గట్టు మీద కూర్చుని, ఆ దారిన పోయేవాళ్ళందరికీ వినబడేలా, "ఊరందరికీ నీళ్ళు పెట్టే మొగుడు, పెళ్ళాం చేలో చుక్క పొయ్యడు" అని ఏడ్చింది. తాతయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. ఏమీ అనలేదు. ఆ ఏడు మాకు గింజలు సగం తాలుపోయాయి. మామ్మ ఆ తాలు చెరిగినన్నాళ్ళూ ఆయనతో మాట్లాడలేదు. ఆయన రోజూ చేట పక్కన కూర్చుని గింజలు ఏరిపెట్టేవారు.

ఆ రోజుల గురించి నాకు అన్నిటికన్నా ఇష్టమైన జ్ఞాపకం నీళ్ళతో పాటు నడవడం. శివారుకి వదిలిన నీళ్ళు దారిలో మాయం కాకుండా ఉండాలంటే ఒకటే దారి. తూము ఎత్తి, నీళ్ళ తల ఎటు పోతుంటే దానితో పాటు మనిషి కూడా శివారు దాకా నడవాలి. సాయంత్రం చల్లబడ్డాక తాతయ్య తలుపు ఎత్తేవారు. సెలవు రోజైతే నన్ను కూడా రానిచ్చేవారు. ఆడపిల్లని చీకట్లో చేలగట్ల వెంట తిప్పుతావా అని మామ్మ అరుస్తుంటే, "పాములకి ఆడామగా తేడా తెలీదులే" అనేవారు. నా కాళ్ళకి తన పాత రబ్బరు చెప్పులు తాడుతో బిగించి కట్టేవారు.

ఎండిన బోదెలోకి నీళ్ళు రావడం చూశారా మీరెప్పుడైనా? పరుగెత్తుకు రావు. ముందు కాస్త మురికి నురగ వస్తుంది, దాని మీద ఎండుటాకులు, చీమలు, గడ్డిపరకలు. నెర్రెల్లోకి దిగి గుడగుడమంటాయి. ఆ నెర్రె నిండాక గాని ఇంకో అడుగు ముందుకి వెయ్యవు. నెర్రెల్లోంచి కీచురాళ్ళూ జెర్రులూ బయటికి పరుగెడుతుంటే, వాటి కోసం కొంగలు మా ముందు ముందు నడిచేవి. నా అడుగు కన్నా నీళ్ళ అడుగు నెమ్మది. నేను ముందుకి పరుగెత్తి, మళ్ళీ వెనక్కి వచ్చి, "ఇంకా ఇక్కడే ఉందా తాతయ్యా" అంటే, "దానికి తొందరేముంది, దాహమైనవాళ్ళు దారంతా ఉన్నారు" అనేవారు. ఎక్కడన్నా తూడు అడ్డం పడితే పారతో లాగేసేవారు. ఎవరైనా చేలోకి గండి కొట్టుకుని గడ్డిమోపు అడ్డం పెట్టి ఉంచితే, ఎవరిదని అడిగేవారు కాదు. మోపు తీసి గట్టు మీద పెట్టి, గండి పూడ్చి, మట్టి మీద కాలితో తొక్కి ముందుకి సాగేవారు. రిపోర్టులు రాసే అలవాటు లేదు. "రాస్తే వాడు జరిమానా కట్టి, మళ్ళీ కొట్టేస్తాడు. పూడ్చాననుకో, మర్నాడు చూసి సిగ్గుపడతాడు" అనేవారు. అందరూ సిగ్గుపడేవారని నేను చెప్పను. ఇద్దరు ముగ్గురు ఆయన మీద కర్రలతో వచ్చిన రాత్రులు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది.

శివారులో ఒక పెద్దావిడ ఉండేది. భర్త పోయాడు, అరెకరం కౌలుకి చేసుకునేది. మేం చేరేసరికి ఏ అర్ధరాత్రో అయ్యేది. ఆవిడ లాంతరు వెలుతురు చూసి గట్టు మీదికి వచ్చేది. "వచ్చావా నాయనా" అని నీళ్ళని పలకరించేదో, తాతయ్యని పలకరించేదో నాకు తెలిసేది కాదు. ఆవిడ చేను తడిసేదాకా తాతయ్య గట్టు మీదే కూర్చునేవారు. నేను ఆయన తొడ మీద తల పెట్టుకుని నిద్రపోయేదాన్ని. లేచేసరికి ఇంట్లో మంచం మీద ఉండేదాన్ని.

ఇంకొక సంగతి గేజి పుస్తకం. రెగ్యులేటరు దగ్గర రాతి మీద చెక్కిన అంకెలుంటాయి. పొద్దునా సాయంత్రం నీటిమట్టం ఎంతుందో చూసి పుస్తకంలో రాయాలి. ఒకసారి పై నుంచి వచ్చిన ఒక ఆఫీసరు, ఫలానా వారం అంకెలు కాస్త పెంచి రాయమన్నాడు. పెంచి రాస్తే శివారుకి నీళ్ళు సరిపడా వెళ్ళినట్టు కాగితం మీద కనబడుతుంది, రైతుల అర్జీ అబద్ధమవుతుంది. తాతయ్య, "రాయి చెప్పింది రాశానండి. మార్చాలంటే రాయికే చెప్పండి" అన్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన్ని ఇంటికి దూరంగా వేరే కాలువ మీద వేశారు. రోజూ తెల్లారకముందే సైకిలు మీద వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చేవారు. ఒక్కసారి కూడా ఆ ఆఫీసరుని తిట్టగా నేను వినలేదు. ఆయన ఆ సైకిలు మీద కూర్చోవడం చూసినప్పుడల్లా నేనే తిట్టుకునేదాన్ని.

మా ఇంట్లో దేవుళ్ళ పటాల వరసలో చివర గుర్రం మీద కూర్చున్న కాటన్ దొర బొమ్మ ఉండేది. ఇది మా ఒక్కళ్ళింటి సంగతి కాదు, గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో ఉంటుంది. సర్ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకుముందు ఇక్కడ గోదావరి పక్కనే పారుతున్నా కరువులొచ్చేవి, ఉప్పెనలొచ్చేవి, ఊళ్ళు ఖాళీ అయ్యేవి. తాతయ్య నన్ను ఒకసారి ధవళేశ్వరం తీసుకెళ్ళారు. పాత ఆనకట్ట స్థానంలో అప్పటికి కొత్త బ్యారేజీ వచ్చేసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఇలా నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. ఆయన ప్రతి గేటునీ తన తూము తలుపుని చూసినట్టే చూశారు. తుప్పు పట్టిందా, గ్రీజు వేశారా అని. కాటన్ విగ్రహానికి దణ్ణం పెట్టాక, "దొర పేరు అందరికీ తెలుసు. వీణెం వీరన్న గారి పేరు కూడా గుర్తుపెట్టుకో" అన్నారు. వీరన్న గారు కాటన్ దగ్గర పనిచేసిన మన తెలుగాయన. ఆనకట్ట పనిలో కూలీలని కూడగట్టి, దొరకి కుడిభుజంగా నిలబడ్డ మనిషి. ఆ తర్వాత, "ఇంకా కొన్ని వేలమంది ఉన్నారు, వాళ్ళ పేర్లు నాకూ తెలీదు" అని, ఆ పేరు తెలియనివాళ్ళకి ఇంకో దణ్ణం పెట్టారు. విగ్రహం వైపు కాదు, నీళ్ళ వైపు తిరిగి.

1986 ఆగస్టు వరద మా ప్రాంతంలో ఎవరూ మర్చిపోరు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర ఇస్తారు. ఆ ఏడు నీళ్ళు 24.55 అడుగుల దాకా వచ్చాయి. 35 లక్షల క్యూసెక్కులు. తాతయ్య మూడు రాత్రులు ఏటిగట్టు మీదే ఉన్నారు. వరదలో గట్టు మీంచి నీళ్ళు పొర్లడం కన్నా, గట్టు అడుగున ఎలుక కన్నం లోంచో ఎండ్రకాయ బొరియ లోంచో సన్నగా ఊట మొదలవడం ప్రమాదం. బయటికి వచ్చే నీళ్ళు తేటగా ఉంటే కాస్త టైం ఉన్నట్టు, బురదగా వస్తుంటే లోపల మట్టి కరిగిపోతున్నట్టు. చీకట్లో అరచేతిలోకి తీసుకుని లాంతరు దగ్గర పెట్టి చూసేవారట. ఊట కనబడ్డ చోటల్లా సరుగుడు బాదులు దిగ్గొట్టి, ఇసుక బస్తాలూ కొబ్బరి మట్టలూ వేశారు. ఊరు ఊరంతా మట్టి మోసింది. మామ్మ పెద్ద గంగాళంతో గంజి కాచి గట్టు మీదికే పంపింది.

మా గట్టు నిలిచింది. ఊరు మునగలేదు. వరద తీశాక ఊళ్ళో పెద్దలు రామాలయం దగ్గర మీటింగు పెట్టి తాతయ్య మెడలో దండ వెయ్యబోయారు. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టారు. "అవతలి గట్టు తెగిందండి. అటు నీళ్ళు పోయాయి కాబట్టి మనకి మట్టం తగ్గింది. వాళ్ళు మునగబట్టి మనం తేలాం. ఈ దండ నేను ఎలా వేసుకుంటానండి?" అన్నారు. ఆయన గొంతు పెంచి మాట్లాడడం నేను విన్నది ఆ ఒక్కసారే. మర్నాడు ఊళ్ళోవాళ్ళు బియ్యం, చింతపండు, పాత బట్టలు పోగేసి, పడవలో అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళారు. నాకు పదేళ్ళు. నన్నూ ఎక్కించుకున్నారు. చెట్ల కొమ్మలకి వేలాడుతున్న గడ్డి, ఒంటి గోడతో నిలబడ్డ ఇళ్ళు చూసి నేను వణికిపోయాను. తాతయ్య అక్కడి లస్కరుని వెతికి పట్టుకున్నారు. ఆయన ఇల్లూ పోయింది. ఇద్దరూ ఒక కొబ్బరి మొద్దు మీద పక్కపక్కన చాలాసేపు కూర్చున్నారు.

తాతయ్య గురించి రాస్తూ నాన్న సంగతి దాటవేస్తే తప్పవుతుంది. నాన్న టెన్త్ పాసై ఖాళీగా ఉన్న రోజుల్లో, వర్క్‌ఛార్జ్‌డ్ కింద, అంటే పర్మనెంటు కాని ఉద్యోగంగా, కాలువల మీదే పని ఇప్పిస్తామని ఎవరో అన్నారట. తాతయ్య ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆయన చెప్పలేదు. "నా తర్వాత నా కొడుకే ఈ తూము మీద కూర్చుంటే దాన్ని ఉద్యోగం అనరు, మిరాశీ అంటారు" అన్నారు. నాన్న కాకినాడ వెళ్ళి ఎరువుల కొట్లో గుమస్తాగా చేరాడు. నన్ను తాతయ్య వాళ్ళ దగ్గర వదిలింది కూడా అక్కడ ఇల్లు గడవకే. ఈ విషయంలో నేను నాన్న పక్షమే. అర్హత ఉన్నవాడికి, కొడుకైనంత మాత్రాన, అడ్డుపడడం న్యాయం కాదు. తాతయ్యకి ఈ మాట నేను పెద్దదాన్నయ్యాక చెప్పాను కూడా. ఆయన విని, "మీ నాన్నకి అన్యాయం జరిగిందమ్మా, నాకు తెలుసు" అన్నారు. నాన్న పండగలకి వస్తే ఆయన స్టేజీ దాకా ఎదురెళ్ళి సంచీ అందుకునేవారు. నాన్న వద్దన్నా వదిలేవారు కాదు.

తాతయ్య మంచితనం అని ఊరంతా చెప్పుకునేదాంట్లో సగం మామ్మది. డొక్కా సీతమ్మ గారి కథ మా వైపు తెలియనివాళ్ళుండరు. లంకల గన్నవరంలో, ఏరు దాటి వచ్చే వాళ్ళకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన తల్లి. ఇప్పుడు గన్నవరం కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే ఉంది. తాతయ్య ఆవిడ పేరు చెప్పి గట్టు మీద కనబడ్డ ప్రతివాణ్ణీ, పడవ సరంగు నుంచి గొర్రెలు తోలుకెళ్ళేవాడి దాకా, భోజనానికి పిలిచేవారు. పిలవడం ఆయన వంతు, వండడం మామ్మ వంతు. బియ్యం నిండుకున్న రోజుల్లో కూడా పిలిచేవారు. మామ్మ పెరట్లోంచి గోంగూరో, కందదుంపో తెచ్చి ఎలాగో సర్దేది. వచ్చినవాళ్ళు తాతయ్యకి దణ్ణం పెట్టి వెళ్ళేవారు. ఒకసారి అది చూసి తాతయ్యే, "వంటింటి వైపు తిరిగి పెట్టండి" అన్నారు. మామ్మ లోపల్నుంచి, "ఆ దణ్ణాలతో పొయ్యి మండదు, కట్టెలు తెమ్మనండి" అంది. ఆయన లేచి వెళ్ళి కట్టెలు కొట్టుకొచ్చారు.

రిటైరయ్యాక కూడా గట్టు మీదికి వెళ్ళడం మానలేదు. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఎవరి తోటలో వాళ్ళు పడిన చెట్లు లెక్కపెట్టుకుంటుంటే, ఆయన కుర్రాళ్ళని వెంటబెట్టుకుని మురుగు కాలువలో పడ్డ చెట్లు నరికించడానికి వెళ్ళారు. మురుగు లాగకపోతే కోతకొచ్చిన వరి నీళ్ళల్లోనే మొలకెత్తిపోతుంది. అప్పటికి ఆయన నడుం వంగిపోయింది. గట్టు మీద కూర్చుని చేత్తో చూపించేవారు. ఆ తర్వాత మూడేళ్ళకి, పెద్ద జబ్బేమీ లేకుండా, నిద్రలో పోయారు.

ఆయన స్థానంలో మా తూము మీదికి కొత్తగా ఎవరినీ వెయ్యలేదు. నీటి సంఘాలు వచ్చాయి. కొన్ని శివారు భూములు చేపల చెరువులయ్యాయి. మురుగు లాగక, పెట్టుబడి పెరిగి, గిట్టుబాటు లేక 2011లో కోనసీమ రైతులు కాలువలో నీళ్ళుండగానే సార్వా, అంటే మొదటి పంట, సాగు మానేసి క్రాప్ హాలిడే ప్రకటించారు. ఆ వార్త నేను హైదరాబాద్‌లో టీవీలో చూశాను. తాతయ్య ఉంటే ఏమనేవారో అని ఆ రోజంతా అదే ఆలోచన. నీళ్ళు తీసుకెళ్ళి చేలో పెట్టడం వరకే ఆయన చేతిలో ఉండేది. పండినదానికి ధర ఆయన తూము కింద లేదు.

మా ఎకరం ఇప్పుడు బాబాయి కొడుకు చేస్తున్నాడు. ఇప్పటికీ దాళ్వాలో నీళ్ళు చాలక తగువులొస్తే, ఊళ్ళో పెద్దవాళ్ళు "లస్కరు వరస పెట్టండెహే" అంటారట. అంటే శివారు నుంచి మొదలుపెట్టి పైకి రావడం. ఆ మాట అనేవాళ్ళలో తాతయ్యని చూడని కుర్రాళ్ళు కూడా ఉన్నారు. ప్రతి ఫిబ్రవరిలో తమ్ముడు నాకు ఫోన్ చేసి విసుక్కుంటాడు. "తూము పక్కన చేను పెట్టుకుని అందరికన్నా ఆఖర్న తడుపుకోవాలక్కా, ఇదేం ఖర్మ" అంటాడు. మరి నువ్వు ముందు పెట్టుకో, నిన్నెవరు ఆపారు అంటే, "ఊరుకో అక్కా, బాగోదు" అని ఫోన్ పెట్టేసి, పార తీసుకుని శివారుకి బయల్దేరతాడు.